అర్థిని మరలింపని వృక్షము

శ్రీమద్భాగవత దశమ స్కంధమున, 22వ అధ్యాయము చివర ఒక చిన్న ఘట్టము కలదు. గోవర్ధనోద్ధరణము, రాసలీల మొదలగు మహాఘట్టముల సమీపమున నుండుటచే అది పలువురి దృష్టికి అందకయే దాటిపోవుచుండును. కాని గృహస్థులు నిత్యము మననము చేయదగిన ధర్మము ఆ నాలుగు శ్లోకములలో ఇమిడియున్నది.

వేసవి కాలము. ఎండ తీక్ష్ణముగా కాయుచున్నది. శ్రీకృష్ణుడు బలరామునితోడను, శ్రీదాముడు, సుబలుడు మొదలైన గోపబాలకులతోడను ఆవులను మేపుచు బృందావనమునకు చాల దూరము వచ్చెను. అలసిన బాలకులకు చెట్లు గొడుగులు పట్టినట్లు నీడ నిచ్చుచున్నవి. స్వామి ఆ చెట్లను చూపి చెలికాండ్రతో ముచ్చటించెను. ఇవి గాలిని, వానను, ఎండను, మంచును తామే ఓర్చుకొని ఇతరులను కాపాడుచున్నవనెను. ఆకు, పువ్వు, పండు, నీడ, వేరు, పట్ట, కట్టె, సువాసన, బంక, బూడిద, చిగురు, ఇట్లు తమయందున్న ప్రతి వస్తువును అడిగినవారి కిచ్చుచున్నవనెను. సజ్జనుని ఇంటికి వచ్చిన యాచకునివలె, చెట్టును చేరిన అర్థి వట్టి చేతులతో మరలిపోడనెను. ప్రాణముచేతను, ధనముచేతను, బుద్ధిచేతను, వాక్కుచేతను ఇతర ప్రాణులకు మేలు చేయుటయే జన్మసాఫల్యమని ముగించెను.

ఈ మాటల వెంటనే జరిగిన కథ గమనింపదగినది. బాలకులు యమునలో నీరు త్రాగిరి. ఆకలి వేసినదని స్వామితో మొరపెట్టుకొనిరి. ఆ సమీపమున వేదవిదులైన విప్రులు స్వర్గకామనతో సత్రయాగము చేయుచుండిరి. స్వామి బాలకులను వారియొద్దకు పంపెను. బాలకులు చేతులు జోడించి, రామకృష్ణులు ఆకలిగొనియున్నారు, అన్నము పెట్టుడని వేడిరి. ఆ పండితులు ఔననలేదు, కాదనలేదు. విననట్లే యుండిరి. బాలకులు నిరాశతో మరలివచ్చిరి.

మాట రాని చెట్టు అర్థిని మరలింపలేదు. మంత్రములు వచ్చినవారు మరలించిరి. ఈ రెండు కథలను వ్యాసభగవానుడు ప్రక్కప్రక్కనే నిలుపుటలో గల హెచ్చరికను తెలిసికొనుట భక్తుల కర్తవ్యము. యజ్ఞము చేయుచు యజ్ఞభోక్తనే గుర్తింపలేకపోవుట నాటి విప్రులకే పరిమితమైన దోషము కాదు.

అగ్నియు నేనే, ఔషధమును నేనే

శ్రీమద్భగవద్గీత 9వ అధ్యాయము 16వ శ్లోకమున భగవానుడు యజ్ఞమును, యజ్ఞసామగ్రిని పేర్కొనుచు, క్రతువును తానే, ఔషధమును తానే, ఆజ్యమును తానే, అగ్నియు తానే, హుతమును తానే అని తెలిపెను. ఒకే శ్లోకమున ఓషధియు, అగ్నికి ఆహారమైన నేయియు, అగ్నియు చేరియున్నవి. శ్రీవిష్ణుసహస్రనామములలో ఔషధము, భేషజము, భిషక్కు అను నామములు కలవు. రోగమును పోగొట్టు మందును, ఆ మందు నిచ్చు వైద్యుడును ఆయనయే.

కనుక ఒక చెట్టు ఒకవైపు దీపమునకు చమురును, మరొకవైపు దేహమునకు మందును ఇచ్చుచున్నపుడు భక్తునికి అది వట్టి చెట్టుగా కనబడదు. స్వామి తన రెండు రూపములను ఒకే కొమ్మకు వ్రేలాడదీసినట్లు తోచును. అట్టి చెట్టు తెలుగువారి త్రోవల ప్రక్కన, వాగుల ఒడ్డున, పొలముల గట్టులపై ఎల్లరకు పరిచితమైనదే. అది కానుగ. సంస్కృతమున దీనికి కరంజమనియు, నక్తమాలమనియు పేర్లు.

చేదులోని దయ

కానుగ మహావృక్షము కాదు, పొదయు కాదు. నడిమి ఎత్తున పెరిగి, నిగనిగలాడు ఆకులతో చిక్కని నీడ నిచ్చును. వేసవిలో లేత ఊదా కలిసిన తెల్లని పూవులు నేలపై రాలి పరచుకొనును. చేటవలె చదునైన గట్టి కాయలో ఒక గింజ, అరుదుగా రెండు గింజలుండును. ఉప్పునేలను ఓర్చును, అనావృష్టిని ఓర్చును. చిక్కుడు, కంది మొదలగువాని కుటుంబమునకు చెందినదగుటచే దీని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. పూర్వము రైతులు కానుగ రొట్టను కోసి వరిమడిలో త్రొక్కించుట ఇందువలననే.

ఎండిన నూరు కిలోల గింజలలో ఇంచుమించు 30 కిలోల నూనె యుండును. గానుగలో ఆడినపుడు అంతయు దిగదు, కొంత పిండిలో నిలిచిపోవును. ఈ నూనె చేదు. వంటకు పనికిరాదు. దేవుని సన్నిధిలో ఆవునేతికి, నువ్వులనూనెకు గల స్థానము వేరు. కాని వానిని కొనలేని గుడిసెలలో తరతరములుగా రాత్రి వెలుతురు కానుగ నూనెదే. సబ్బు తయారీకి, తోలు పదునుపెట్టుటకు కూడ దీనిని వాడిరి. వైద్యులు చర్మవ్యాధులకు పై పూతగా చెప్పిరి. చరకసంహిత సూత్రస్థానమున పండ్లు తోముకొనుటకు తగిన పుల్లలను చెప్పుచు మొట్టమొదట పేర్కొన్నది కరంజమునే.

ఈ చేదు ఒక లోపమా? నిదానించి చూచినవారికి అందులో దయ కనబడును. తినదగిన నూనెను యంత్రములో పోసినచో, ఎవరి విస్తరిలోనో అన్నము తరుగును. జొన్న, గోధుమ, నూనెగింజలు ఇంధనమునకు మరలినచో పేదవాడు కొను ధాన్యమునకు ధర పెరుగును. కానుగ చేదగుటచే అది ఎవరి ముద్దను అపహరింపదు. తినరానిదిగా నుండియే అన్నమును కాపాడుచున్నది.

నూనెతో యంత్రము నడచుట క్రొత్త సంగతి కాదు. 1900లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శనశాలలో, రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన పద్ధతి యంత్రమొకటి వేరుశనగ నూనెతో నడచినది. తరువాత భూమినుండి తీయు నూనె చౌకగా దొరకుటచే ఆ మాట మరుగున పడినది. విత్తుల నూనె చిక్కనిది, నేటి యంత్రములలో అట్లే పోసిన అడ్డుపడును. అందువలన మిథనాల్ అను ద్రవమును, కొద్దిగా క్షారమును చేర్చి కాచుదురు. అప్పుడది రెండుగా విడిపోవును. పైన తేటయైన ఇంధనము తేరును, అడుగున గ్లిసరిన్ దిగును. ఆ తేటయే జీవ డీజిలు. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించియే గింజను కట్టుచున్నది గనుక, ఆ నూనెను మండించినపుడు వెలువడునది చాలవరకు చెట్టు ముందే తీసికొన్నది. భూగర్భమునుండి త్రవ్విన నూనెకు ఈ గుణము లేదు.

ఆదిలాబాదు అడవుల గిరిజన గ్రామమైన పవర్‌గూడ మహిళలు ఈ విషయమును లోకమునకు చూపిరి. ఈ గ్రామము నేడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో నున్నది. అచటి స్వయంసహాయక సంఘము స్త్రీలు కానుగ గింజలు ఏరి, నూనె తీయు యంత్రమును తామే నడిపిరి. 2003లో ప్రపంచబ్యాంకు, తాను నిర్వహించిన ఒక సదస్సు వలన గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువునకు బదులుగా, ఈ స్త్రీల కానుగ నూనె వలన తగ్గు 147 టన్నుల వాయువునకు లెక్కగట్టి 645 డాలర్లు చెల్లించినది. సొమ్ము పెద్దది కాదు. కాని రాలిన కాయను ఏరుకొను చేతులను, లోకమున కెల్ల ఊపిరినిచ్చు గాలిని ఒక్క త్రాటిపై కలిపిన లెక్క అది. ఏ ఋత్విక్కును లేని యజ్ఞము అట్లు ఒక అడవిపల్లెలో జరిగినది.

ఆశ వేసిన తోటలు

ఇంతవరకు విన్నవారు చెట్టు నాటుటయే పుణ్యమనియు, తక్కినదంతయు దానంతట అదే సమకూరుననియు తలపవచ్చును. అట్లు తలచినందువలన కలిగిన నష్టమును కూడ చెప్పవలెను.

2003 ప్రాంతమున దేశమున జట్రోఫా అను మొక్క పేరు మారుమ్రోగినది. తెలుగున దీనిని అడవి ఆముదమందురు. అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములనుండి వచ్చి, చేనికి కంచెగా చిరకాలమునుండి ఇచట నిలిచిన మొక్క ఇది. ప్రణాళికా సంఘము నియమించిన కమిటీ 2003లో దీనిని బీడుభూములలో విస్తారముగా పెంచవలెనని సూచించినది. నీరు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, పశువు ముట్టదు, కాసులు రాలునని ప్రచారము సాగినది. 2009 నాటి జాతీయ విధానము 2017 నాటికి జీవ ఇంధనము 20 శాతము కలుపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది.

జరిగినది వేరు. మొక్క ఎండకు చావలేదు, నిజమే. కాని బ్రదికియుండుట వేరు, కాయుట వేరు. నీరు, సారము లేని నేలలో కాపు చాల తక్కువగా వచ్చినది. ఏరుకూలి కూడ గిట్టలేదు. పలుచోట్ల రైతులు తోటలను పీకివేసిరి, లేదా వదలివేసిరి. అప్పు చేసి నాటినవానికి మిగిలినది అప్పే. 2018 నాటి క్రొత్త విధానము 2030 నాటికి డీజిలులో 5 శాతము కలుపుటయే లక్ష్యముగా నిర్ణయించినది.

ఇందులో దోషము మొక్కదా? అది తన స్వభావము ననుసరించియే పెరిగినది. ఇచ్చుచు ఏమియు కోరదని చెట్టును గూర్చి మానవుడు చెప్పుకొనుట, తాను ఏమియు పెట్టకుండ తీసికొనుటకు సాకుగా మారినది. చెట్టు అర్థిని మరలింపదు. కాని అర్థికిని, ఆశాపరునికిని భేదము కలదు. అర్థి తనకు చాలినంత అడుగును. ఆశాపరుడు, చెట్టు ఇయ్యని మాటను తానే ఇచ్చి, ఆ మాటను ఇతరులకు అమ్మును. వాని మాటను నమ్మిన బీదరైతు నష్టపడును. కనుక ఏ మొక్కయైనను తమ నేలలో, తమ వానలో ఎట్లు కాయుచున్నదో తెలిసికొని, ఇరుగుపొరుగు చేనులలో కన్నులార చూచి, పిమ్మటనే నాటుట వివేకము. స్వామిపై భారము వేయుటయనగా బుద్ధిని ప్రక్కకు పెట్టుట కాదు. బుద్ధిచేతను మేలు చేయవలెననియే కదా బృందావనమున స్వామి చెప్పినది.

మందు ఎప్పుడు మందు?

ఔషధముల విషయమున ఈ వివేకము మరింత అవసరము. చరకసంహితలో రెండు మాటలు కలవు. లోకమున మందు కాని ద్రవ్యమే లేదు, కాని యుక్తి నెరిగి, ప్రయోజన మెరిగి వాడినపుడే అది మందు అనునది ఒకటి. యుక్తితో వాడిన తీక్ష్ణమైన విషము కూడ ఉత్తమౌషధమగును, యుక్తి తప్పిన మందు కూడ తీక్ష్ణ విషమగును అనునది రెండవది.

ఇవి పుస్తకమునకు పరిమితమైన మాటలు కావు. కంచెలలోని అడవి ఆముదపు గింజ రుచికి బాగుండుటచే పిల్లలు వేరుశనగవలె నమలి, వాంతులు విరేచనములతో ఆసుపత్రి పాలగుట పెక్కు చోట్ల జరిగినది. పెరటి ఆముదపు గింజలో ఘోరమైన విషము కలదు. సరిగా తీసిన ఆముదములో అది దిగదు గనుకనే పూర్వులు నూనెను వాడిరి, గింజను తినలేదు. కానుగ నూనె పైకి పూయుటకే గాని, త్రాగుటకు కాదు. చెట్టు నిచ్చినది స్వామి కనుక ఏమి తిన్నను మేలే యగునని పలుకుట భక్తి కాదు, అజాగ్రత్త. బిడ్డల తల్లిదండ్రులు పెరటి మొక్కల గుణదోషములను తెలిసికొనియుండవలెను. వ్యాధి ముదిరినపుడు వైద్యుని చూడవలెను. భిషక్ అనునది కూడ ఆయన నామమే గదా.

తీసికొనుటలో మితము తప్పిన యెడల ఏమగునో సర్పగంధ చెప్పుచున్నది. పాతాళగంధి యని తెలుగున పేరుగల ఈ చిన్న మొక్క వేరును ఉన్మాదమునకు, నిద్రలేమికి మన దేశపు వైద్యులు చిరకాలము వాడిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. రక్తపుపోటునకు మందుగా అది ప్రపంచమంతట వ్యాపించినది. దానితో ఆ వేరుకు గిరాకి పెరిగినది. ఆకు కోసిన మొక్క చిగుర్చును, వేరు త్రవ్విన మొక్క చచ్చును. అడవులలో అది ఎంత అరుదైపోయినదనగా, దాని అంతర్జాతీయ వ్యాపారమును ఒడంబడికచే నియంత్రింపవలసివచ్చినది. ఎందరికో ఉపశమనము నిచ్చిన మొక్కకు లోకము చేసిన ప్రత్యుపకారమిది.

తులసి నేర్పు మర్యాద

తీసికొనుట ఎట్లో వైష్ణవ గృహములకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ప్రతి ఇంటి ముంగిట ఆ పాఠము కోటలో నిలిచియున్నది.

తులసిని కోయుటకు ముందు స్నానము చేయుదురు. నమస్కరించి అనుమతి వేడుదురు. ద్వాదశినాడు కోయరు. సూర్యుడస్తమించిన పిదప తాకరు. కొమ్మను విరువరు, గోళ్ళతో గిల్లరు, ఆనాటి అర్చనకు చాలినన్ని దళములనే తీసికొందురు. దినదినము ఉదయమున నీరు పోసి, సాయంకాలము దీపము పెట్టుదురు. దగ్గుకు, జలుబుకు కషాయము కాచుటకు నాలుగు ఆకులు కావలసినను ఈ మర్యాదను మరువని గృహిణులు నేటికిని కలరు.

ఈ నియమములను కేవలము ఆచారమని తలపరాదు. అడిగి తీసికొనుట, చాలినంత తీసికొనుట, చెట్టుకు విశ్రాంతి నిచ్చుట, తీసికొన్నదానికి బదులుగా పోషించుట అను నాలుగు ధర్మములు అందులో కలవు. సర్పగంధ విషయమున ఈ నాలుగింటిని పాటించియుండినచో అడవి బోసిపోయెడిది కాదు. అడవి ఆముదము విషయమున నాలుగవదానిని తలచియుండినచో రైతు నష్టపోయెడివాడు కాడు. తులసికోటయొద్ద నేర్చిన మర్యాదను కోట దాటిన పిదప మరచుటయే లోపము. తులసి పట్ల భక్తియు, వీధిలోని వేపపట్ల నిర్దయయు ఒకే హృదయములో ఎట్లు నిలుచును?

తిరిగి ఇచ్చుట

భగవద్గీత 3వ అధ్యాయమున, దేవత లిచ్చినదానిని వారికి తిరిగి అర్పింపక అనుభవించువాడు దొంగయని స్వామి కఠినముగా పలికెను. కానుగను చూచినచో ఆ తిరిగి ఇచ్చుట యెట్లో తెలియును. నూనె తీసిన పిమ్మట మిగిలిన పిండి వట్టిది కాదు. నత్రజని నిండిన ఆ పిండిని చేనిలో చల్లిన మంచి ఎరువు. నూనెను దీపమునకో, యంత్రమునకో తీసికొని, పిండిని నేలకిచ్చి, రాలిన ఆకును మడిలో కలిపి, ఒక గింజను మరల నాటినపుడు ఆ చక్రము పూర్తియగును. పిండిని పారవైచి, చెట్టును నరికి, నూనెను మాత్రము లెక్కించువాడు గీత చెప్పిన ఆ మాటకు గురియగును.

ఇందుకు ఎకరములు అక్కరలేదు. పొలము గట్టున ఒక కానుగ, పెరటిలో ఒక వేప, కుండీలో తులసి, గోడప్రక్కన అడ్డసరము, తోటలో ఉసిరి సామాన్య గృహస్థునకు సాధ్యమే. కానుగ కాపునకు రావలెనన్న నాలుగైదేండ్లు, ఒక్కొక్కచోట అంతకు మించియు పట్టును. నాటినవాడే కాయ కోయునను నియమము లేదు. మనుమడు కోయవచ్చును, త్రోవన పోవు బాటసారి నీడన కూర్చుండవచ్చును. పుణ్యక్షేత్రమునుండి మరలివచ్చిన కుటుంబము, యాత్రకు గుర్తుగా ఒక మొక్కను నాటి మూడు వేసవులు నీరు పోసినచో, ఆ యాత్ర ఇంటికి వచ్చిన పిమ్మట కూడ సాగుచునే యుండును.

తుదకు ఆ యాగశాల కథ ఎట్లు ముగిసినదో స్మరింపవలెను. విప్రులు విననట్లుండగా, స్వామి నవ్వి బాలకులను వారి భార్యలయొద్దకు పంపెను. ఆ సాధ్వులు భర్తలు, అన్నదమ్ములు వారించుచున్నను లెక్కింపక, చతుర్విధాన్నములను పాత్రలలో నింపుకొని యమునాతీరపు ఉపవనమునకు వచ్చిరి. అచట అశోకముల చిగుళ్ళ నీడన స్వామి నిలిచియుండెను. వారికి వేదాధ్యయనము లేదు, యాగదీక్ష లేదు. ఆకలియని విన్నంతనే కదిలిన హృదయము మాత్రము కలదు. తమ భార్యల భక్తిని చూచి విప్రులు పిదప పశ్చాత్తాపపడిరి గాని, కంసుని భయముచే కదలలేకపోయిరి.

చెట్ల నీడన మొదలైన కథ మరల చెట్ల నీడననే పూర్తియైనది. అర్థిని మరలింపని చెట్టుకును, అర్థిని మరలింపని గృహిణికిని స్వామి ఒకే చోట స్థానమిచ్చెను. ఇంటి గుమ్మమున నిలిచిన ఆకలిగొన్నవాడైనను, నీరు లేక వాడిన మొక్కయైనను, అప్పుల పాలైన పొరుగు రైతైనను, వారిని పంపినవాడు ఆ గోపాలుడే యని గుర్తించినవారి ఇల్లు నిత్యయాగశాల. అట్టి ఇండ్లలో వెలుగు దీపమునందును, రోగిని ఊరడించు ఔషధమునందును శ్రీమన్నారాయణుడు ప్రసన్నుడై నెలకొనియుండుగాక.